డీమార్టా, బేగంబజారా, వీధి చివరి కిరాణానా? సరుకులు ఎక్కడ కొంటే డబ్బు మిగులుతుంది

మీ ప్రశ్న ఇదీ: కొత్తగా పెళ్లయింది, హైదరాబాద్ మియాపూర్‌లో అద్దెకుంటున్నారు, ఇద్దరూ ఉద్యోగస్తులు. సరుకులన్నీ ఫోన్లో యాప్ ద్వారానే తెప్పించుకుంటున్నారు. కూరగాయలతో కలిపి నెలకి పద్నాలుగు వేలు దాటిపోతోంది. డీమార్ట్‌కి మారాలా, అందరూ చెప్పే హోల్‌సేల్ మార్కెట్ బేగంబజార్‌కి వెళ్లాలా, లేక ఇంటి దగ్గరి కిరాణా కొట్టు సరిపోతుందా అని అడిగారు. ఆఫీసు నుంచి వచ్చేసరికి రాత్రి ఎనిమిదవుతుందని కూడా రాశారు.

నేను ఉస్మాన్‌గంజ్‌లో ఒక హోల్‌సేల్ పప్పుల దుకాణంలో గుమాస్తాగా చేరాను. ఆ తర్వాత మూసాపేటలో సొంతంగా కిరాణా కొట్టు పెట్టి చాలా ఏళ్లు నడిపాను. ఇప్పుడు కొట్టు మా తమ్ముడు చూసుకుంటున్నాడు, నేను సరుకు కొనుగోలు వరకు సాయం చేస్తుంటాను. కిరాణా మనిషినే అయినా కిరాణా కొట్టునే వెనకేసుకురాను. ఎక్కడ ఏది చవకో ఉన్నదున్నట్టు చెబుతాను.

సూటిగా చెప్పాలంటే, అన్నీ చవకగా దొరికే షాపు హైదరాబాద్‌లో ఒక్కటీ లేదు. సరుకుని బట్టి చోటు మార్చుకోవాలి. సబ్బు, పేస్టు, నూనె, చక్కెర, టీపొడి లాంటి ప్యాకెట్ సరుకు నెలకోసారి డీమార్ట్ లాంటి పెద్ద స్టోర్‌లో కొనండి. బియ్యం, బియ్యం షాపులోనే బస్తాగా కొనండి. పప్పులు, చింతపండు, ఎండుమిర్చి బాగా గిరాకీ ఉన్న కిరాణాలో లూజుగా తీసుకోండి. కూరగాయలకి రైతు బజార్. బేగంబజార్‌కి ఏడాదికి ఒకటి రెండుసార్లు వెళ్తే చాలు. యాప్‌ని వంట మధ్యలో ఏదైనా అయిపోయినప్పటికి ఉంచుకోండి.

ఇదంతా ఒకేసారి మొదలుపెట్టక్కర్లేదు. ముందు మీ పోయిన నెల ఆర్డర్లన్నీ తెరిచి ఒక కాగితం మీద రాయండి. బియ్యం, నూనె, పప్పులు, పాలు, కూరగాయలు, ఈ ఐదింటికి ఎంతయిందో ఒక పక్క, మిగతావన్నీ ఇంకో పక్క. మా కొట్లో ఖాతా పెట్టుకున్న ఇళ్లలో చాలామందికి సగానికి పైగా డబ్బు ఈ ఐదింటికే పోయేది. యాప్ మీద ఆధారపడే ఇళ్లలో మాత్రం రెండో పక్క కూడా బాగా పెరుగుతుంది. చిప్స్, కూల్ డ్రింకులు, ఐస్‌క్రీమ్, సగం తిని వదిలేసిన బిస్కెట్ ప్యాకెట్లు అక్కడే ఉంటాయి. రెండింటిలో ఏది బరువుగా ఉందో తెలిస్తే సగం సమాధానం మీకే దొరుకుతుంది.

ఇప్పుడు ఒక్కొక్కటీ వివరంగా.

ప్యాకెట్ సరుకు. ఇందులో కిరాణా కొట్టు పెద్ద స్టోర్‌తో పోటీ పడలేదు. మాకు సబ్బు డిస్ట్రిబ్యూటర్ చేతి మీదుగా వస్తుంది, పెద్ద స్టోర్ కంపెనీ నుంచి లారీలకి లారీలు నేరుగా దింపుకుంటుంది. 2002లో ముంబైలో మొదటి స్టోర్ తెరిచిన డీమార్ట్‌కి ఇంకో రెండు అనుకూలాలున్నాయి. చాలా స్టోర్లు సొంత భవనాల్లో ఉండటంతో అద్దె బాధ తక్కువ. సరుకు ఇచ్చినవాళ్లకి డబ్బు తొందరగా కట్టేస్తుంది కాబట్టి వాళ్లు రేటు తగ్గించి ఇస్తారు. నేను కొట్టు నడిపిన రోజుల్లో కొన్ని ఆఫర్లప్పుడు, మాకు డిస్ట్రిబ్యూటర్ వేసే రేటు కంటే పెద్ద స్టోర్లో అమ్మే రేటే తక్కువగా ఉండేది. మా వీధిలో కొట్లవాళ్లం కొందరం అక్కడే నూనె, బట్టల సబ్బు పొడి కొనుక్కొచ్చి అమ్మేవాళ్లం. ‘ఒక బిల్లుకి ఇన్ని ప్యాకెట్లే’ అని బోర్డులు కనిపిస్తాయి చూడండి, అవి మాలాంటి కొట్లవాళ్లని ఆపడానికి పెట్టినవే.

ఇక్కడ ఒక జాగ్రత్త. ప్యాకెట్ మీద ఎమ్మార్పీ పక్కన చిన్న అక్షరాల్లో గ్రాముకి ఎంత, మిల్లీలీటరుకి ఎంత అని యూనిట్ ధర ఉంటుంది. చాలామంది దాన్ని చూడరు. నూనె సంగతే తీసుకోండి. లీటరు సన్‌ఫ్లవర్ నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. ఈమధ్య 850 గ్రాములు, 800 గ్రాములు అని రకరకాల ప్యాకెట్లు వస్తున్నాయి. చూడటానికి అన్నీ లీటరు ప్యాకెట్ల లాగే ఉంటాయి. లెక్క కోసం అనుకుందాం: 850 గ్రాముల ప్యాకెట్ 136 రూపాయలు, లీటరు ప్యాకెట్ 142 రూపాయలు. చెయ్యి మొదటిదాని మీదికే పోతుంది. కానీ 136ని 850తో భాగించి 910తో గుణిస్తే లీటరుకి 145 రూపాయల పైనే పడింది. పెద్ద డబ్బాల్లోనూ ఇదే తంతు. 15 లీటర్ల డబ్బా, 15 కిలోల డబ్బా పక్కపక్కనే ఉంటాయి. 15 లీటర్లంటే 13.65 కిలోలే. ఇద్దరికి డబ్బా అక్కర్లేదు గానీ, రేపు ఇంట్లో ఫంక్షన్ పెట్టుకుంటే ఇది గుర్తుంచుకోండి.

ఇంకోటి. 2025 సెప్టెంబర్ 22 నుంచి స్నానం సబ్బు, షాంపూ, టూత్‌పేస్ట్, బిస్కెట్ల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. నెయ్యి మీద 12 నుంచి 5 అయింది. అంతకు ముందు నాటి బిల్లు పక్కన పెట్టుకుని, కొత్త షాపు చవకగా ఉందని అనుకోకండి. పన్ను తగ్గిన రేటు అన్ని చోట్లా తగ్గినట్టే కనిపిస్తుంది. పోలిస్తే ఒకే వారంలోని రెండు షాపుల బిల్లులు పోల్చండి.

పెద్ద స్టోర్‌తో ఉన్న అసలు చిక్కు రేటు కాదు, బండి. ట్రాలీ బండి పెద్దది, అది నిండేదాకా మనసు ఊరుకోదు. చీటీ రాసుకుని వెళ్లండి, జీతం వచ్చిన మొదటి ఆదివారం మాత్రం వెళ్లకండి. ఆ రోజు బిల్లింగ్ లైన్లో గంట నిలబడాలి. ఆ గంటలో పక్కనున్న చాక్లెట్లు, ప్లాస్టిక్ డబ్బాలు ఒక్కొక్కటే బండెక్కుతాయి. మామూలు రోజు ఉదయం గానీ, మీకు వీలైతే రాత్రి తొమ్మిదికి దగ్గర్లో గానీ వెళ్తే అరగంటలో బయటపడొచ్చు.

బియ్యం. మీ ఖర్చులో గట్టిగా తగ్గించుకోగలిగేది ఇదే, అందుకని కాస్త వివరంగా చెబుతాను.

ఐదు కిలోలు, పది కిలోల ప్యాకెట్ కొనడం మానేయండి. 2022 జులై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ పడుతోంది. 25 కిలోలు దాటిన బస్తాకి ఆ పన్ను లేదు. అందుకే మన దగ్గర ఊరూరా 26 కిలోల బస్తాలు వచ్చాయి. ఆ ఒక్క కిలో ఎందుకు కలిసిందో ఇప్పుడు అర్థమైంది కదా. 1,400 రూపాయల బస్తా మీద 70 రూపాయల తేడా అన్నమాట. చిన్న ప్యాకెట్‌కి ప్యాకింగ్, బ్రాండు ఖర్చు దానిపైన అదనం.

రకం విషయానికొస్తే, అందరూ సోనా మసూరి అనే అడుగుతారు. బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, మన ఇళ్లలో ఎక్కువగా తినేది. సన్నగా ఉండాలంటే హెచ్ఎంటీ, జై శ్రీరామ్ ఉన్నాయి. షుగర్ గురించి ఆలోచించేవాళ్లు తెలంగాణ సోనా అనే ఆర్ఎన్ఆర్ 15048 అడుగుతున్నారు. రకం కంటే ముందు కొత్తవా, పాతవా అని అడగండి. కొత్త బియ్యం అన్నం ముద్దవుతుంది, సాగదు. పాత బియ్యం అదే గ్లాసుకి ఎక్కువ అన్నం అవుతుంది, పలుకు పలుకుగా ఉంటుంది. కిలోకి నాలుగైదు రూపాయలు ఎక్కువైనా పాతవే గిట్టుబాటు. పళ్ల మధ్య రెండు గింజలు కొరికి చూడండి. పాత గింజ టక్కుమని విరుగుతుంది, కొత్తది కాస్త మెత్తగా నలుగుతుంది. స్టీమ్ రైస్ అని ఇంకోటి అమ్ముతారు, అది కొత్త వడ్లని ఆవిరి పట్టి ఆడించింది. పాత బియ్యం లాగే పొడిగా ఉడుకుతుంది, మోసమేమీ లేదు, కాకపోతే రుచి అందరికీ నచ్చదు.

బస్తా కొనేముందు రెండు కిలోలు శాంపిల్ అడగండి. బియ్యం షాపువాళ్లు ఎవరూ కాదనరు. మూడు పూటలు వండుకుని, నచ్చాక బస్తా తెప్పించుకోండి. ఫోన్ చేస్తే ఇంటికి తెచ్చి, పైఅంతస్తుకి ఎక్కించి వెళ్తారు. ఇద్దరికి ఒక బస్తా రెండు మూడు నెలలొస్తుంది. వానాకాలంలో పురుగు భయం ఉంటుంది కాబట్టి, ఎండబెట్టిన వేపాకు నాలుగు రెమ్మలు పలచటి గుడ్డలో కట్టి డబ్బాలో వేయండి. వానాకాలపు పంట నూర్పిళ్లు నవంబర్, డిసెంబర్లలో జరుగుతాయి. ఆ తర్వాత కొత్త బియ్యం రేటు దిగుతుంది. తల్లిదండ్రులకి ఊళ్లో పొలం ఉంటే ఆ వడ్లు ఆడించి నిల్వ చేసుకోవడాన్ని మించింది లేదు.

రేషన్ కార్డు ఉన్న పాఠకులకి ఒక మాట. తెలంగాణలో 2025 ఉగాది నుంచి మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. ఇదివరకటి దొడ్డు బియ్యం లాంటివి కావు, ఇంట్లో వండుకోదగ్గవే. వాటిని దళారికి అమ్మేసి, ఆ డబ్బుకి నాలుగింతలు పెట్టి బయట కొనుక్కునేవాళ్లని చూస్తుంటే బాధేస్తుంది.

పప్పులు, లూజు సరుకు. ఇక్కడ మంచి కిరాణా కొట్టు పెద్ద స్టోర్‌కి దీటుగా ఉంటుంది, చాలాసార్లు ఒక మెట్టు పైనే ఉంటుంది. గంజ్ నుంచి, అంటే హోల్‌సేల్ మార్కెట్ నుంచి, వారం వారం కొత్త సంచి దించే కొట్టు మీకు దొరకాలి. గుర్తుపట్టడం తేలిక: సాయంత్రం ఆరు తర్వాత కొట్టు ముందు మనుషులుంటారు, సంచులు నోరు తెరిచి ఉంటాయి. గిరాకీ లేని కొట్లో పప్పు సంచి నెలల తరబడి కదలదు.

సంచిలో చెయ్యి పెట్టి, అడుగు నుంచి గుప్పెడు పప్పు తీసుకుని అరచేతుల మధ్య నలపండి. చేతికి తెల్లటి పొడి అంటుకుందంటే పురుగు తొలుస్తున్నట్టు. జిడ్డుగా మెరుస్తుంటే పాలిష్ పట్టిన పప్పు. బద్దలు ఒకే సైజులో, లేత పసుపులో, మెరుపు లేకుండా ఉంటే నాకు నచ్చుతుంది. కందిపప్పులో మన వికారాబాద్ జిల్లా తాండూరు పప్పుకి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తొందరగా ఉడుకుతుంది, మంచి వాసన ఉంటుంది. బర్మా నుంచి, ఆఫ్రికా దేశాల నుంచి వచ్చే కంది పప్పు కూడా మార్కెట్లో ఉంటుంది, కాస్త చవక. తినడానికి ఇబ్బందేమీ లేదు గానీ, తాండూరు పప్పు రేటుకి దాన్ని అంటగడితే మాత్రం నష్టపోయినట్టే. ‘ఇది ఎక్కడి పప్పు’ అని అడిగితే మంచి కొట్టువాడు తడుముకోకుండా చెబుతాడు.

తూకం దగ్గర మొహమాటపడకండి. కాటా మీద ముందు ఖాళీ కవరు పెట్టి, అంకె సున్నాకి వచ్చాకే పోయమనండి. రోజుకో పది గ్రాములు తేడా వచ్చినా నెల తిరిగేసరికి లెక్కకి వస్తుంది.

కంది పంట డిసెంబర్ నుంచి, చింతపండు, మిర్చి ఫిబ్రవరి తర్వాత వస్తాయి. మన అమ్మలు ఎండాకాలంలోనే ఏడాది సామాను కొనిపెట్టుకునేది అందుకే. చింతపండు గింజ తీసి, ఉప్పు కలిపి జాడీలో కుక్కితే ఏడాది చెడదు. కారం పొడి ప్యాకెట్ కొనే బదులు మార్చి, ఏప్రిల్‌లో రెండు మూడు కిలోల ఎండుమిర్చి తీసుకోండి. ఘాటుకి తేజ రకం, రంగుకి బ్యాడిగి కలిపి ఎండబెట్టి గిర్నీలో పట్టించుకోండి. తొడిమలు తీస్తే తూకం తగ్గుతుంది, పట్టినందుకు డబ్బు అదనం, ఈ రెండూ కలుపుకున్నా ప్యాకెట్ కంటే తక్కువే పడుతుంది. పైగా అందులో ఏం కలిసిందోనన్న టెన్షన్ ఉండదు.

బేగంబజార్. చాలామంది పొరబడేది ఇక్కడే. హోల్‌సేల్ అనగానే నెల సరుకంతా అక్కడే కొనాలనుకుంటారు. ఇద్దరు మనుషుల కుటుంబానికి పప్పు కిలోకి మిగిలే ఐదారు రూపాయలు ఆటో చార్జీకే పోతాయి. అక్కడికి వెళ్లాల్సింది బరువు తక్కువ, ధర ఎక్కువ ఉన్న సరుకు కోసం. యాలకులు, లవంగాలు, దాల్చిన చెక్క, మిరియాలు, గసగసాలు, జీడిపప్పు, బాదం, కిస్‌మిస్‌లలో తేడా బాగా కనిపిస్తుంది. సూపర్ మార్కెట్లో చిన్న డబ్బాల్లో అమ్మే యాలకుల రేటుని కిలోకి లెక్కగట్టి చూడండి, నమ్మలేరు. మీరు మియాపూర్‌లో మెట్రో ఎక్కితే ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగొచ్చు, అక్కడి నుంచి ఆటోలో కొద్ది దూరమే. బండి తీసుకెళ్లొద్దు, పార్కింగ్ దొరకదు. ఒకే షాపులో బేరమాడకుండా రెండు మూడు షాపుల్లో రేటు, నాణ్యత చూసుకోండి. పావుకిలో కూడా ఇస్తారు, అయితే అరకిలోకి, కిలోకి రేటు మారుతుంది. పక్కింటివాళ్లతో కలిసి వెళ్లి పంచుకోవడం మేలు. దీపావళి ముందు వారాల్లో డ్రైఫ్రూట్స్ రేట్లు మండిపోతాయి, అప్పుడు వెళ్లకండి.

కూరగాయలు. 1999 జనవరిలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతు బజార్లు మొదలయ్యాయి. రైతు నేరుగా అమ్ముకోవాలి, మధ్యలో దళారి ఉండకూడదన్నది ఉద్దేశం. ఆ రోజు రేటు బోర్డు మీద రాస్తారు, అంతకు మించి అమ్మకూడదు. మీకు దగ్గర్లో కూకట్‌పల్లి రైతు బజార్ ఉంది. ఆఫీసు దారిలో పడితే ఎర్రగడ్డ కూడా మెట్రోకి దగ్గరే. ఉదయం ఏడు లోపు వెళ్తే తాజా సరుకు దొరుకుతుంది. లోపలికి వెళ్లగానే మొదటి బల్ల దగ్గరే కొనేయకుండా ఒక చుట్టు తిరగండి. అన్ని రకాలూ పేర్చి పెట్టుకున్న బల్ల వ్యాపారిది కావచ్చు. రెండు మూడు రకాలే కుప్ప పోసుకుని కూర్చున్న మనిషి చాలావరకు రైతే, ఆ బెండకాయ, ఆ తోటకూర ముందురోజు సాయంత్రమో, తెల్లవారుజామునో కోసినవై ఉంటాయి.

ఉల్లిగడ్డ, ఆలుగడ్డ, అల్లం, వెల్లుల్లి ఒకేసారి ఎక్కువ తెచ్చుకోవచ్చు. ఆకుకూరలు, టమాటా మాత్రం మూడు రోజులకి మించి తేకండి. బోయినపల్లి మార్కెట్‌కి వెళ్తే ఇంకా చవక అని ఎవరైనా చెబుతారు, నిజమే. కానీ అక్కడ పెద్ద లెక్కలో కొనాలి. ఇద్దరి ఇంట్లో సగం కుళ్లిపోతుంది.

పాలు ఎక్కడ కొన్నా ఎమ్మార్పీయే. కొట్టువాడికి ప్యాకెట్ మీద మిగిలేది చాలా తక్కువ. అయినా కూలింగ్ చార్జి అని ఎమ్మార్పీ మీద రూపాయో రెండో ఎక్కువ తీసుకోవడం చట్టవిరుద్ధం. అడిగినా వినకపోతే 1915 నంబరుకి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు.

యాప్ సంగతి. వస్తువు రేటు ఒక్కటే చూడకండి. డెలివరీ చార్జీ, హ్యాండ్లింగ్ చార్జీ, ఉచిత డెలివరీ కోసం మీరు అదనంగా బండిలో వేసిన వస్తువు, అన్నీ కలిపి చూడండి. కొత్తిమీర కట్ట కోసం ఆర్డరు మొదలుపెట్టి రెండొందలకి ముగించడం ప్రతి ఇంట్లో జరుగుతోంది. ఒక మంచి ఉపయోగం మాత్రం ఉంది. కొట్టుకి వెళ్లేముందు అదే వస్తువు యాప్‌లో ఎంతుందో చూసుకుంటే బేరానికి పనికొస్తుంది.

హైదరాబాద్ కాని వాళ్లకీ పద్ధతి ఇదే, చోట్లు మారతాయి అంతే. విశాఖలో పూర్ణా మార్కెట్, ఎంవీపీ కాలనీ రైతు బజార్. విజయవాడలో కాళేశ్వరరావు మార్కెట్, ఎక్కువ మొత్తంలో కావాలంటే గొల్లపూడి హోల్‌సేల్ కాంప్లెక్స్.

ఇక రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరే సమస్య. ఆ టైముకి రైతు బజార్ దాదాపు సర్దేసుకుంటుంది. మీ చుట్టుపక్కల కాలనీల్లో వారానికో రోజు రోడ్డు మీద అంగడి పెడతారు, ఏ రోజు ఎక్కడో వాచ్‌మన్‌ని అడిగితే చెబుతాడు. అక్కడ రాత్రి ఎనిమిదిన్నర దాటాక, సరుకు వెనక్కి మోసుకెళ్లడం ఇష్టంలేక రేటు దించేస్తారు. రాత్రి మసక వెలుగులో వంకాయ పుచ్చు, టమాటా మచ్చ కనిపించవు కాబట్టి ఫోన్ లైటు వేసుకుని ఒక్కొక్కటీ ఏరుకోండి. కుప్ప లెక్కన అమ్మేవి మాత్రం వద్దు, పైన బాగున్నవి పెట్టి అడుగున మెత్తబడ్డవి పేరుస్తారు. ఆదివారం ఉదయం ఒక్కసారి కూకట్‌పల్లి రైతు బజార్, వారం మధ్యలో ఈ అంగడి, ఈ రెండూ పెట్టుకుంటే కూరగాయలకి యాప్ తెరవాల్సిన పని ఉండదు.